నారుమడి చేయి

తొమ్మిదో రోజున కంపు మొదలవుతుంది. కంపంటే అలాంటిలాంటి కంపు కాదు. చచ్చిన ఎలకని రొయ్యపొట్టు బస్తాలో మూటగట్టి నాలుగు రోజులు ఎండలో పడేస్తే వచ్చే కంపు. కాకినాడ ఉప్పుటేరు పక్కనున్న ఆ చిన్న ప్రయోగశాలలో ఆ కంపు తగలగానే పేర్రాజుకి పండగ. "వచ్చేసిందండోయ్! కుక్క బతికిపోయిందండి!" అని వరండాలోంచి కేకేసేవాడు. లోపలి గదిలో డాక్టర్ సువర్చల ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "సంతోషం లేవయ్యా, ముందా తలుపెయ్యి" అనేది.

ఆ పద్ధతిని కనిపెట్టింది ఆమే. ఆ కంపు భరించలేనిదీ ఆమే.

కుక్కల చర్మం మీద లేచే కేన్సరు గడ్డల్లో కొన్ని మహా మొండివి. ఇక్కడ కోస్తే అక్కడ లేస్తాయి. సువర్చల వీధిలోంచి తెచ్చి పెంచుకున్న మల్లి అనే కుక్కకి అలాంటిదే వచ్చింది. రెండుసార్లు కోసినా లాభం లేకపోయింది. పశువైద్యంలో ఇరవయ్యేళ్ళు పండిన మనిషి, ఏం తోచిందో ఏమో, ఆ గడ్డలోంచి ఆవగింజంత ముక్క తీసి తన ఎడమ ముంజేతి చర్మం కింద పెట్టుకుంది. కుక్క ఒళ్ళు ఆ గడ్డని తనదే అనుకుని ఊరుకుంది గానీ మనిషి ఒళ్ళు ఊరుకోలేదు. ఇదెవర్తిరా పరాయిది అని తిరగబడి, తొమ్మిది రోజుల్లో కుళ్ళబెట్టి బయటికి నెట్టేసింది. ఆ పోట్లాటలో ఆమె రక్తంలో ఊరిన మందుని వడగట్టి మల్లికి ఎక్కిస్తే, ఉన్న గడ్డలన్నీ ఎండిన పొక్కుల్లా రాలిపోయాయి. మల్లి ఆ తర్వాత ఆరేళ్ళు బతికి ముసలితనంతో పోయింది.

పేర్రాజు ప్రయోగశాలలో మొదట్నుంచీ ఉన్న కాంపౌండరు. కరప దగ్గర రైతు బిడ్డ. "దీనికంత పెద్ద పేరెందుకండీ, నారు పోయడమే గదా! మనిషి చెయ్యి నారుమడండి. ఇక్కడ పెంచి అక్కడ నాటడం" అన్నాడు. ఇంగ్లీషు కాగితాల్లో ఏ పేరున్నా ఊళ్ళో నారు పద్ధతి అనే పేరే నిలిచింది.

నియమాలు రెండే. నారు ఎడమచేతికే వెయ్యాలి. మనిషికి ఒక్కసారే వెయ్యాలి. ఎవరెవరు చెయ్యిచ్చారో రాసుకోవడానికి విడిగా పుస్తకం పెట్టలేదు. ఎడమచెయ్యి చూస్తే మచ్చ కనబడుతుంది, చాలదూ? కుడిచెయ్యి ఎవరిస్తారు? అన్నం తినే చేతిమీద కుక్క పుండు పెట్టించుకునేవాడు భూమ్మీద పుట్టాడా అని ఆరోజు అందరూ నవ్వుకున్నారు కూడా.

ఇంకో నియమం ఉంది, అది కాగితం మీద లేదు. "కుక్కల సంగతి నేను చూస్తాను, చేతుల సంగతి నువ్వు చూసుకో పేర్రాజూ. వాటి గురించి నాకు చెప్పకు, ఆ పూట అన్నం సహించదు" అని సువర్చల మొదట్లోనే తేల్చేసింది. ఐదేళ్ళలో ఆమె ఒక్క చెయ్యీ కట్టు విప్పి చూడలేదు.

ఆ ఐదేళ్ళలో నాలుగు వందల పన్నెండు కుక్కలు వచ్చాయి. ఏ కుక్క ఎందుకు బతుకుతోంది, ఏది ఎందుకు చస్తోంది అని సువర్చల పట్టిక వేసింది. వయసు, జాతి, గడ్డ సైజు, ఎక్కడ లేచింది, గజ్జల్లో బిళ్ళ కట్టిందా లేదా, ఎంత ఆలస్యంగా తెచ్చారు, అన్నీ రాసింది. అన్నిటికీ ఎంతో కొంత బలం ఉంది. కానీ అన్నిటినీ తన్నేసింది ఒకటే: నారుకి చెయ్యిచ్చినవాళ్ళు ఆ కుక్కకి రోజూ తిండి పెట్టేవాళ్ళేనా, కాదా అని పేర్రాజు ఫారంలో టిక్కు పెట్టిన గడి. అవునంటే పదింటిలో ఎనిమిది కుక్కలు రెండేళ్ళు దాటాయి. కాదంటే ఆరు నెలలకే సగం పోయాయి. కలిసి తిని, కలిసి తిరిగే ఒళ్ళు కంటికి కనబడని సూక్ష్మజీవుల్ని పంచుకుంటాయనీ, అందుకే ఒకరి ఒంట్లో ఊరిన మందు రెండో ఒంటికి అతుకుతుందనీ ఆమె తేల్చింది. తిండి పెట్టే చెయ్యయితే మేలని కుక్కలవాళ్ళకి రెండో ఏటి నుంచే చెబుతూ వచ్చింది.

హైదరాబాదు సభలో ఆ పట్టిక చూపించి, "యజమాని ప్రేమ కూడా ఒక మందే" అని ముగించింది. జనం లేచి చప్పట్లు కొట్టారు. తర్వాత రోజుల్లో ఆ వాక్యం గుర్తొచ్చినప్పుడల్లా తన నాలుక తనే కోసుకోవాలనిపించేది.

సభ నుంచి వచ్చిన వారానికి ఇందుమతి పిలిచింది. రొయ్యల ఎగుమతి వ్యాపారి భార్య. వాళ్ళ బాక్సర్ కుక్క సేనాపతికి నారు వైద్యం జరిగి రెండేళ్ళయిన సందర్భంగా మధ్యాహ్నం భోజనాలు. "మీరు రాకపోతే మా సేనాపతి అలుగుతాడు డాక్టరుగారూ" అని ఫోన్లో ఒకటే గారాలు.

వెళ్తే ఏముంది, పెళ్ళివారిల్లే! గుమ్మానికి మామిడాకులు, వెండిపళ్ళెంలో కేకు, సేనాపతి మెళ్ళో మల్లెపూల దండ. కుక్క ఆ దండని పీక్కోలేక నానా అవస్థా పడుతోంది. ఇందుమతి దాన్ని పక్కన కూచోబెట్టుకుని, "నా చెయ్యి ఇచ్చి బతికించుకున్నాను వీణ్ణి. అడిగితే ప్రాణమైనా ఇస్తాను" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. నలుగురూ ఆహా ఓహో అంటున్నారు. సువర్చల చూపు ఆమె ఎడమ ముంజేతి మీద పడింది. చేతుల్లేని జాకెట్టు. మోచేతి నుంచి మణికట్టు దాకా చెయ్యి నున్నగా ఉంది. నలుసంత మచ్చ లేదు.

సర్లే, భర్త ఇచ్చాడేమో, గొప్ప కోసం ఈవిడ చెప్పుకుంటోంది అనుకుని సువర్చల చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి నడిచింది. దండ వదిలించుకున్న సేనాపతి ఆమెని దాటుకుని ముందే అక్కడికి పరిగెత్తింది.

సిమెంటు గోలెం పక్కన పనిమనిషి గొంతుక్కూచుని అన్నం తింటోంది. నలభై ఐదేళ్ళుంటాయి. కుక్క వచ్చి ఒళ్ళో తల పెట్టింది. ఆమె కంచంలోంచి ఒక ముద్ద దాని నోట్లో పెట్టి, రెండో ముద్ద తను తింది. ఎడమచేత్తో తింది. కుడిచెయ్యి మోచేతి దాకా పాత తువ్వాలులో చుట్టి ఉంది.

సువర్చల గోలెం దగ్గరే ఆగింది. "అదేంటమ్మా, ఎడంచేత్తో తింటున్నావు?"

ఆమె గభాలున కంచం వెనక్కి లాక్కుంది. "ఏంలేదండమ్మా. కుడిసేతికి నారేసేరండి."

"కుడిచేతికా? నీ పేరేంటి?"

"నూకరత్నవండి."

"తువ్వాలు తియ్యి, చూస్తాను."

"ఒద్దండమ్మా, మీరింకా బోయినం సేసేరో లేదో. ఇయి సూడకూడదండి."

సువర్చల కూచుని తనే విప్పింది. ముందు ఎడమచెయ్యి తిప్పి చూసింది. ఒకదాని కింద ఒకటి రెండు మచ్చలు. కుడి ముంజేతి మీద గడ్డ. నిమ్మకాయంత ఉంది. లేతగులాబీ రంగులో, నున్నగా, మెరుస్తూ, పుట్టుకతో వచ్చినదానిలా చేతికి అమరిపోయి ఉంది. వాపు లేదు, చీము లేదు. సువర్చల వంగి, జీవితంలో మొదటిసారి ఒక నారుమడికి ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసింది. ఒంటిసబ్బు వాసన తప్ప ఏమీ రాలేదు.

ఆ శుభ్రమైన, ఆరోగ్యమైన, అందమైన గడ్డని చూస్తే వేసినంత అసహ్యం ఆమెకి ఏ కుళ్ళిన పుండుని తలుచుకున్నా వెయ్యలేదు.

"ఎన్నాళ్ళయింది ఇది వేసి?"

"రెణ్ణెల్లు కావొస్తందండి. మొదట సేనాపతికిచ్చేనండి. తరవాత సిన్నమ్మగోరి బొచ్చుకుక్కకి, అదీ ఆర్నెల్లు మా కాడే ఉండేది లెండి. ఆనక అమ్మగోరి సినేయితురాలి పొట్టికుక్కని తెచ్చి నెల్లాళ్ళు నాకాడుంచేరు. దానికోసం ఈ సెయ్యి. ఎడంసెయ్యి కాళీ లేదు గదండీ మరి."

"మరి ఇది రాలలేదని ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికి సెప్పాలండీ? ఆ కుక్క సచ్చిపోయింది. ఇంకీ సెయ్యెవరికి కావాలి?" నూకరత్నం నవ్వింది. "అమ్మగోరైతే మెచ్చుకున్నారండి, ఈసారి కంపు లేకుండా ఎంత నీటుగా ఉందో అని. ఇదివరకు రెండు తడవలూ కంపని నన్ను కొట్టుగదిలో పడుకోమన్నారు."

పొట్టికుక్క. పట్టికలో నాలుగు వందల తొమ్మిదో కుక్క. దాని పక్కన సువర్చల తన చేత్తోనే "మందు పనిచేయలేదు, కారణం తెలియదు" అని రాసింది. ఆ కుక్క వైద్యమప్పుడు పేర్రాజు వచ్చి, "ఈ చెయ్యి కంపు కొట్టట్లేదండి, అదోలా ఉందండి" అని నసిగితే, "కొట్టకపోతే మంచిదేగా, రక్తం తీసి పంపు" అని తలెత్తకుండా కసిరింది. అదీ గుర్తొచ్చింది.

హాల్లోకి వెళ్ళి ఇందుమతిని పక్కకి పిలిచింది. "చెయ్యి మీరిచ్చానన్నారు?"

"మా ఇంటి చెయ్యేగా డాక్టరుగారూ! తిండి పెట్టే చెయ్యి కావాలని రూలు పెట్టింది మీరే. సేనాపతికి తిండి పెట్టేది నూకరత్నం. అందులో తప్పేముంది? నాకా పుండు తలుచుకుంటేనే డోకు." ఆవిడ నవ్వి బొబ్బట్ల పళ్ళెం చాపింది. "తీసుకోండి, నూకరత్నమే చేసింది."

సువర్చల బొబ్బట్టు తీసుకోకుండానే కారెక్కింది. నూకరత్నాన్ని పక్కన కూచోబెట్టుకుని తీసుకొచ్చేసింది.

ప్రయోగశాలలో పేర్రాజు ఆ చెయ్యి చూడగానే మొహం తిప్పుకున్నాడు.

"ఈ చేతికి నారేసింది నువ్వేనా?"

"ఆయ్, నేనేనండి. కుక్క చస్తోందని ఇందుమతిగారొకటే ఏడుపండి. ఎడంచెయ్యి చూస్తే రెండు మచ్చలు. సరే కుడిది ఉంది గదా అని..."

"మనిషికి ఒక్కసారే అని చెప్పానా లేదా?"

"చెప్పేరండి. మరి మీ ఫారంలో చెయ్యిచ్చినవారు అన్నచోట యజమాని అని ముందే అచ్చేయించేరు. వచ్చినోళ్ళ పేరు రాయడానికి గడేదండీ? ఇందుమతిగారి పేర్న మూడు కుక్కలకి మూడు ఫారాలున్నాయి, చూస్కోండి."

సువర్చల కుర్చీలో కూలబడింది. "నాలుగొందల పన్నెండులో సొంత చెయ్యి ఇచ్చిన యజమానులు ఎంతమంది?"

పేర్రాజు కాసేపు లెక్కలు వేసుకున్నాడు. "అరవై ఉంటారేమోనండి. అందులోనూ బీదోళ్ళే ఎక్కువ. మిగతావన్నీ పనిమనుషులు, వాచ్‌మన్లు, తోటమాలులు."

"ఐదేళ్ళు నాకెందుకు చెప్పలేదయ్యా?"

"చేతుల సంగతి చెప్పకన్నారు గదండీ. అన్నం సహించదని."

సువర్చల స్నానాలగదిలోకి వెళ్ళి కక్కుకుంది. ఇందుమతి మీద అసహ్యం వేసింది, సరే. ఆవిడ డోకని పనిమనిషి చేతిని పంపింది. తను డోకని అసలు చేతులే చూడలేదు. ఇద్దరిలో ఎవరు నయం? అద్దంలో మొహం చూసుకుంటే ఉమ్మెయ్యాలనిపించింది.

జరిగిందేమిటో పరీక్షల్లో తేలిపోయింది. కొత్తగా వచ్చిన దొంగని చూసి కుక్క మొరుగుతుంది. అదే దొంగ మాటిమాటికీ వస్తే తోకాడిస్తుంది. నూకరత్నం ఒళ్ళు మూడోసారికి గడ్డని ఇంటిమనిషే అనుకుని తోకాడించింది. కుక్క గడ్డ ఇప్పుడు ఆమె గడ్డ. దాని వేర్లు చంకదాకా పాకాయి. సువర్చల పిలిపించిన కేన్సరు సర్జన్ చూసి, "చెయ్యి తీసేసినా ఆరు నెలలకి మించి చెప్పలేను. ఇలాంటిది నేనెక్కడా చూడలేదు" అన్నాడు.

మిగిలింది ఒకటే దారి. నూకరత్నం గడ్డలోంచి ముక్క తీసి ఇంకో మనిషి చేతిలో నారు పొయ్యాలి. కుక్క పనికిరాదు, ఆ గడ్డ పుట్టిందే కుక్క ఒంట్లో. మనిషే కావాలి. అదీ ఆమెతో తిండి పంచుకునే మనిషి కావాలి.

"నీతో కలిసి తినేవాళ్ళెవరున్నారు నూకరత్నం?"

"ఎవరున్నారండీ. మా ఆయన పోయి పదేళ్ళయింది, పిల్లల్లేరు. సేనాపతేనండి."

సువర్చల సిగ్గు చంపుకుని ఇందుమతికి ఫోన్ చేసింది. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో అందరూ తింటున్నది నూకరత్నం కలిపిన కూర, నూకరత్నం పిసికిన పిండి. ఆవిడ ఒళ్ళు ఇట్టే అతుకుతుంది. పక్షం రోజులు ఓర్చుకుంటే చాలు, ఒక ప్రాణం నిలబడుతుందని బతిమాలింది.

ఇందుమతి, "ఛీ, ఏం మాటలండీ అవి! పనిమనిషి పుండు తెచ్చి నా చేతిమీద పెడతారా? కుక్కదంటే అదో రకం. కావాలంటే దాన్ని పెద్దాసుపత్రిలో చేర్పిస్తాను" అని ఫోన్ పెట్టేసింది.

సువర్చల పేర్రాజుని పిలిచింది. "నా కుడిచేతికి వేద్దువుగాని."

"మీ ఎడంచేతికి ఒకసారి అయిందండి."

"ఒకసారేగా. రెండోసారికి నూకరత్నం ఒళ్ళు తోకాడించలేదు, నాదీ ఆడించదు."

"మీరావిడతో కలిసి తినరు గదండీ."

"తింటాను."

అనడం తేలికే. సువర్చల వాళ్ళమ్మమ్మ ఎంగిలంటే ఆమడ దూరం పరిగెత్తే మనిషి. సొంత మనవరాలు కొరికిన జామకాయని కూడా ముట్టేది కాదు. ఆ చేతుల్లో పెరిగిన సువర్చల నలభై ఎనిమిదేళ్ళలో ఎవరి గ్లాసులోనూ మంచినీళ్ళు తాగలేదు. ఇప్పుడు ఇరవై ఒక్క రోజులు, రెండు పూటలా, ఒకే కంచం.

"అయ్యబాబోయ్, నా ఎంగిలి మీరు తింటవేంటండమ్మా? నాకు పాపం సుట్టుకుంటది" అని నూకరత్నం లేచిపోబోయింది.

"నాకు చుట్టుకున్న పాపం ముందు నీది ఎంతమ్మా. కూచో."

కూచుంది. ఎడమచేత్తో పప్పన్నం కలిపి సగం తిని కంచం జరిపింది. ఆమె వేళ్ళు తిరిగిన చోట మెతుకులు నలిగి, పల్చటి ఉమ్మి తడితో మెరుస్తున్నాయి. సువర్చల ముద్ద నోట్లో పెట్టుకుంది. గొంతు దిగలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అసహ్యం వేసింది, అలా వేసినందుకు ఇంకా అసహ్యం వేసింది. కళ్ళు మూసుకుని మింగింది. నాలుగో రోజుకి నూకరత్నమే నవ్వడం మొదలెట్టింది. "మందు మింగినట్టు మింగుతున్నారండి. ఉప్పు సాల్లేదా ఏంటి?"

"నీ మొహం! ఉప్పెక్కువైంది" అంది సువర్చల.

ఆ రోజుల్లోనే పేర్రాజుని ఇల్లిల్లూ తిప్పి, చెయ్యిచ్చిన ప్రతి మనిషి పేరూ రాయించింది. రెండేసి మచ్చలున్నవాళ్ళు పదిహేడు మంది తేలారు. గడ్డ నిలిచిపోయినవాళ్ళు మాత్రం ఇంకెవరూ లేరు. హైదరాబాదుకి ఉత్తరం రాసి తన పట్టికని వెనక్కి తీసుకుంది. నాలుగు వందల పన్నెండు కుక్కలు ఎన్నాళ్ళు బతికాయో రోజులతో సహా రాసిన తను, చేతులు ఎన్నాళ్ళు బతికాయో రాయడానికి ఒక్క గడీ గియ్యలేదని అందులో ఒప్పుకుంది. నారు పొయ్యడం ఆపేసింది. ఊళ్ళో కుక్కలున్నవాళ్ళు తిట్టిపోశారు.

ఇరవై రెండో రోజున పేర్రాజు నూకరత్నం గడ్డలోంచి ఆవగింజంత ముక్క తీసి, సువర్చల కుడి ముంజేతిలో పెట్టి కుట్టాడు. ఇక ఇద్దరూ ఎడమచేత్తోనే తినాలి. మెతుకులు కంచం చుట్టూ చింది ఇల్లంతా అయ్యేవి.

తొమ్మిదో రోజు వచ్చింది. కంపు రాలేదు. కట్టు విప్పితే శనగగింజంత గడ్డ, లేతగులాబీ రంగులో, నున్నగా ఉంది. పేర్రాజు మళ్ళీ కట్టు కట్టాడు. పదో రోజూ రాలేదు. నూకరత్నానికి ఆ రాత్రి నుంచీ చంకలో పోటు, జ్వరం. పదకొండో రోజు గడ్డ కుంకుడుగింజంత అయింది. సువర్చల అది మెరవడం చూసి భూతద్దం పక్కకి నెట్టేసింది. తన ఒళ్ళు కూడా తోకాడిస్తోందేమో? అప్పుడు ఆరు నెలలు ఇద్దరికీ.

"మీకంటించేనండి, పాపిష్టిదాన్ని" అని నూకరత్నం ఏడ్చింది.

"నోర్ముయ్యి. అన్నం తిను" అంది సువర్చల. కంచం ఆమె ముందుకి జరిపింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం వంకాయకూర, చారు. మధ్యలో కంచం. నూకరత్నం ముద్ద ఎత్తి ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చింది. కూర వంక చూసింది, కిటికీ వంక చూసింది, తర్వాత సువర్చల చేతి వంక చూసింది.

"అమ్మగోరూ..."

అప్పుడు తగిలింది సువర్చలకి. ముందు సన్నగా, తర్వాత గుప్పున. చచ్చిన ఎలకా, రొయ్యపొట్టూ, నాలుగు రోజుల ఎండా. కట్టు కింద ఏదో చిట్లి, పచ్చటి నీరు మోచేతి మీదుగా కంచం అంచుకి జారింది.

వరండాలో పేర్రాజు గభాలున లేచిన చప్పుడైంది. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఐదేళ్ళుగా అలవాటైన కేక గొంతులోంచి పైకి రాలేదు. కళ్ళు తుడుచుకుని, అలవాటు కొద్దీ తలుపు వెయ్యబోయాడు.

"వెయ్యకు, ఉండనీ" అంది సువర్చల.

నూకరత్నం ఆగిన ముద్దని మళ్ళీ కలిపి, ఎడమచేత్తో ఆమె నోటి దగ్గర పెట్టింది. సువర్చలకి పేగులు నోట్లోకొచ్చేంత డోకు వచ్చింది. అయినా నోరు తెరిచింది.